పాత మెయిల్ సర్వర్‌ను ఇంకా ఎవరు పిలుస్తున్నారు?

మా కంపెనీ మెయిల్ సర్వర్‌ను మార్చడానికి యాజమాన్యాన్ని ఒప్పించేందుకు నాకు నాలుగేళ్లు పట్టింది. మార్చడానికి ఐదు నెలలు పట్టింది. జీడిమెట్లలో పశువుల మందులు తయారుచేసే ఈ సంస్థలో నేను 2019లో చేరేనాటికే మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ సర్వర్ 2010 ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. మధ్యలో ఒకసారి అసలు యంత్రం మొరాయిస్తే దాన్ని వర్చువల్ మెషీన్‌గా మార్చి కొత్త హార్డ్‌వేర్ మీదికి ఎక్కించారు గానీ, లోపల విండోస్ సర్వర్ 2008 ఆర్2, దానిమీద ఎక్స్ఛేంజ్ 2010 అలాగే ఉండిపోయాయి. మెయిళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. "నడుస్తున్న బండికి ఇంజన్ ఎందుకు మార్చడం?" అని మా ఎండీ గారు అడిగినప్పుడల్లా నేను భద్రత గురించి చెప్పేవాణ్ని, ఆయన ఓపికగా వినేవారు, ఫైలు పక్కకు పోయేది.

ఎక్స్ఛేంజ్ 2010కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 అక్టోబర్ 13న ముగిసింది. ఆ తర్వాత ఐదు నెలలకే, 2021 మార్చిలో, ప్రాక్సీలాగన్ అన్న పేరుతో ప్రపంచమంతా మారుమోగిన లోపాలు ఎక్స్ఛేంజ్ సర్వర్లలో బయటపడ్డాయి. మార్చి 2న 2013, 2016, 2019 వెర్షన్లకు ప్యాచ్‌లు విడుదల చేస్తూ, గడువు దాటిపోయిన 2010కి కూడా రోలప్ 32 అనే ఒక చివరి అప్‌డేట్ ఇచ్చారు. దాన్ని ఆ రాత్రే వేశాను. అయితే అంత్యక్రియలు అయిపోయిన మనిషికి మందు పంపినట్టున్న ఆ ఔదార్యం మళ్లీ దొరుకుతుందని నమ్ముకుని వ్యాపారం నడపలేం. చివరికి మా పని కదిలించింది నా వాదన కాదు. ఒక విదేశీ కొనుగోలుదారు 2023 చివర్లో పంపిన ఆడిట్ ప్రశ్నావళిలో, మద్దతు ముగిసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడుతున్నారా అని ఒక్క వరుస ఉంది. ఆ వరుస చదివిన రోజు సాయంత్రమే ఎండీ గారు నన్ను పిలిచి ఎంత ఖర్చవుతుందని అడిగారు.

క్లౌడ్‌కు వెళ్లకపోవడం గురించి చాలామంది అడిగారు కాబట్టి ఒక్క మాట. రెండు వందల నలభై మెయిల్‌బాక్సుల్లో సగానికి పైగా ప్లాంటులో షిఫ్టుకు ఒకరు చొప్పున పంచుకునే ఖాతాలే. తలకింత అని నెలనెలా కట్టే లెక్క మా యాజమాన్యానికి నచ్చలేదు. నేను మాత్రం ఈ పరిమాణంలో ఉన్న సంస్థ క్లౌడ్‌కు వెళ్లడమే మేలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. నిర్ణయం నాది కాదు, పని నాది.

ఎక్స్ఛేంజ్‌ను ఉన్నచోటే కొత్త వెర్షన్‌కు ఎదిగేలా చేయడం అప్పట్లో కుదిరేది కాదు. పక్కన కొత్త సర్వర్ నిలబెట్టి, రెండింటినీ కొంతకాలం కలిసి కాపురం చేయించి, మెయిల్‌బాక్సులను ఒక్కొక్కటిగా తరలించి, ఆపైన పాతదాన్ని సాగనంపాలి. మా చిక్కు ఏమిటంటే ఎక్స్ఛేంజ్ 2010, 2019 ఒకే సంస్థలో కలిసి ఉండలేవు. పాతది కనిపిస్తే 2019 సెటప్ ముందుకు కదలనే కదలదు. మధ్యలో 2016 అనే మజిలీ తప్పదు. ఆ ఎక్స్ఛేంజ్ 2016 మళ్లీ విండోస్ సర్వర్ 2019 మీద ఎక్కదు, విండోస్ సర్వర్ 2016 లేదా అంతకు ముందరి 2012 ఆర్2, 2012 మీదే ఎక్కుతుంది. ఎక్స్ఛేంజ్ 2019కి ఫారెస్ట్ ఫంక్షనల్ లెవెల్ (సంస్థ ఖాతాల వ్యవస్థ మొత్తం పనిచేసే స్థాయి) కనీసం 2012 ఆర్2 ఉండాలి, అంటే ఆ ఖాతాలను సంభాళించే మా 2008 ఆర్2 డొమైన్ కంట్రోలర్లు రెండూ ముందే పదవీ విరమణ చేయాలి. ఒక తలుపు తీయాలంటే ఇంకో తలుపు తాళంచెవి కావాలన్నట్టు సాగిన ఈ వరుసను కాగితం మీద గీసుకోవడానికే జనవరి 2024లో నాకు వారం పట్టింది. కొత్త వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసే ర్యామ్ 128 జీబీ అని చెప్పినప్పుడు ఎండీ గారి ముఖం చూసి, మాకు 64 చాలని నేనే సర్దిచెప్పాను. మా సంఖ్యకు ఇప్పటిదాకా సరిపోయింది.

ఈ పని చేసినవాళ్లెవరైనా తమ తొలి తప్పును చెప్పుకోవాలి. నాది సెటప్‌ను బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు నడపడం. కొత్త సర్వర్ ఖాళీగా కూర్చుంటుంది, దాంట్లో ఒక్క మెయిల్‌బాక్సు కూడా లేదు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అయితే ఎక్స్ఛేంజ్ ఇన్‌స్టాల్ అవుతూనే, అవుట్‌లుక్‌కు మెయిల్ సర్వర్ ఎక్కడుందో చెప్పే ఆటోడిస్కవర్ సేవ నా దగ్గరా ఉంది అంటూ, సంస్థ ఖాతాల పట్టిక అయిన యాక్టివ్ డైరెక్టరీలో తన సొంత పేరుతో ఒక చిరునామా నమోదు చేసుకుంటుంది. డొమైన్‌లో ఉన్న ప్రతి అవుట్‌లుక్ ఆ చిరునామాలను వెతుక్కుంటూ పోతుంది. కొత్త సర్వర్ దగ్గరున్నది తనకు తాను సంతకం చేసుకున్న సర్టిఫికెట్ కావడంతో, అకౌంట్స్ నుంచి స్టోర్స్ దాకా తెరల మీద భద్రతా హెచ్చరికలు లేచాయి. పావుగంటలో నలభై ఫోన్లు. ఆ చిరునామాను పాత సర్వర్ వాడుతున్న పేరుకే మార్చడం ఒక్క కమాండ్ పని. ఆ కమాండ్‌ను సెటప్ ముగిసిన మరుక్షణం ఇవ్వాలని, అది కూడా రాత్రిపూట చేయాలని నాకు ముందు తెలియక కాదు, చదివి మరచిపోవడం వల్ల జరిగింది. మరుసటి వారం నుంచి ప్రతి దశకూ చేయవలసినవాటిని కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకున్నాను.

మెయిల్‌బాక్సుల తరలింపు గురించి అందరూ భయపడతారు గానీ, నిజానికి ఈ ప్రయాణంలో అదే సుఖమైన భాగం. ముందుగా ఫైర్‌వాల్‌లో 443 (వెబ్), 25 (మెయిల్) పోర్టులను కొత్త సర్వర్ వైపు తిప్పాము. కొత్తది తన దగ్గర లేని మెయిల్‌బాక్సు కోసం వచ్చిన అభ్యర్థనను పాతదానికి చేరవేయగలదు, పాతదానికి ఆ తెలివి లేదు. అందుకే ఆ వరుస. బయటి ఐపీ చిరునామా మారలేదు కాబట్టి, మా మెయిల్ మా దగ్గరి నుంచే వస్తోందని బయటివాళ్లకు చెప్పే ఎస్‌పీఎఫ్, రివర్స్ డీఎన్‌ఎస్ రికార్డుల జోలికి పోవలసిన పని పడలేదు. రోజుకు ఇరవై, ఇరవై ఐదు ఖాతాల చొప్పున పగలంతా వెనకాల కాపీ కానిచ్చి, 95 శాతం దగ్గర ఆపి, రాత్రి పది దాటాక ముగించేవాళ్లం. మనుషులు వాడుకుంటూ ఉండగానే ఉత్తరాలు తరలిపోతుంటాయి. ఉదయం వచ్చేసరికి అవుట్‌లుక్‌ను ఒకసారి మూసి తెరవమని చిన్న సందేశం, అంతే. ఆ సందేశం గురించి ముందురోజే అందరికీ తెలుగులో రాసి పంపాము, అయినా ఫోన్లు వచ్చాయి.

ఎవరో ఒక సరఫరాదారు ఇదంతా ఎందుకు, అందరి ఉత్తరాలనూ పీఎస్‌టీ ఫైళ్లుగా (అవుట్‌లుక్ ఉత్తరాలను మూటగట్టే ఫైళ్లు) దించి కొత్త సర్వర్‌లో పోస్తే రెండు రోజుల్లో అయిపోతుంది కదా అని ప్రతిపాదించారు. కొత్త సంస్థనే సృష్టించి అలా పోస్తే ఉత్తరాలు వస్తాయి గానీ సంబంధాలు తెగిపోతాయి. లోపలివాళ్ల మధ్య నడిచే ఉత్తరాల్లో అవుట్‌లుక్ గుర్తుపెట్టుకునేది మనం చూసే మెయిల్ చిరునామాను కాదు, ఎక్స్500 అనే ఒక పొడవాటి అంతర్గత చిరునామాను. దాన్ని కూడా మోసుకురాకపోతే, మూడేళ్ల కిందటి ఉత్తరానికి జవాబు రాసిన ప్రతివారికీ అది వెనక్కి తిరిగి వస్తుంది. ఆ రెండు రోజుల పని తర్వాత రెండు నెలలు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది.

ఇక్కడ రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి. మొదటిది, డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ రాసిపెట్టే లాగ్ ఫైళ్లు. తరలివచ్చే ప్రతి మెగాబైటుకూ దాదాపు అంతే లాగ్ రాయబడుతుంది, ఒక్కొక్కటి ఒక ఎంబీ చొప్పున వేల కొద్దీ ఫైళ్లు. మామూలుగా బ్యాకప్ జరిగితే తప్ప అవి తొలగవు. మా మొత్తం సరుకు 780 జీబీ, లాగ్ డిస్కు 200 జీబీ. మూడో రాత్రి 46 జీబీల సేల్స్ హెడ్ మెయిల్‌బాక్సు ఎక్కుతుండగా డిస్కులో 9 జీబీ మిగిలింది. ఇంకాస్త ఆలస్యమైతే డేటాబేస్ తనంత తాను మూతపడేది. తరలింపులు ఆపి, బ్యాకప్ నడిపి, మిగిలిన రాత్రుల కోసం, పని అయిపోయిన లాగులను తనంత తానే తొలగించే సర్క్యులర్ లాగింగ్ పెట్టాను. మా దగ్గరున్నట్టు ఒంటరి సర్వరైతే ఆ మార్పు అమల్లోకి రావడానికి డేటాబేస్‌ను ఒకసారి దించి మళ్లీ ఎక్కించాలి. రెండోది, కోటాలు. ఒకే మెయిల్‌బాక్సు కొత్త సర్వర్‌లో ఎక్కువ పరిమాణం చూపిస్తుంది, ఎందుకంటే ఎక్స్ఛేంజ్ 2013 వెర్షన్ నుంచి ఒక్కో ఉత్తరం డేటాబేస్‌లో ఆక్రమించే చోటును మునుపటికంటే పూర్తిగా లెక్కగడుతున్నారు. హద్దు అంచున ఉన్నవాళ్లకు తెల్లారేసరికి మెయిల్‌బాక్సు నిండిపోయిందన్న హెచ్చరికలు వచ్చాయి. ముందే కోటా పెంచి ఉంటే సరిపోయేది.

ఎండీ గారి ఫోన్ సంగతి ప్రత్యేకం. అందరి ఫోన్లూ పనిచేస్తున్నాయి, ఆయనది మాత్రం తరలించిన రోజు నుంచి మెయిల్ తీసుకోవడం మానేసింది. రెండు గంటలు వెతికాక తెలిసింది: నాకంటే ముందున్నవారెవరో ఎప్పుడో ఆయన ఖాతాను డొమైన్ అడ్మిన్స్ బృందంలో చేర్చి వదిలేశారు. అలాంటి ఖాతాలకు యాక్టివ్ డైరెక్టరీ ప్రత్యేక రక్షణ ఇచ్చి, పైనుంచి వారసత్వంగా వచ్చే అనుమతులను తెంచేస్తుంది. ఆ కారణంగా కొత్త సర్వర్ ఆయన పేరు కింద ఫోన్ వివరం రాసుకోలేకపోయింది. బృందం నుంచి తీసేసి, వారసత్వాన్ని తిరిగి కలిపితే ఫోన్ మోగింది. సంస్థ యజమాని ఖాతాతో ఏ సర్వర్‌నైనా తుడిచిపెట్టగలిగే స్థితి అన్నేళ్లు కొనసాగిందన్న సంగతి నేను ఆయనకు కొంచెం మెత్తగా చెప్పాను.

నలుగురూ కలిసి వాడుకునే పబ్లిక్ ఫోల్డర్లను అన్ని మెయిల్‌బాక్సులూ వెళ్లిపోయాకే కదిలించాలి, ఎందుకంటే కొత్త సర్వర్‌లో ఉన్నవారు పాత ఫోల్డర్లు చూడగలరు గానీ పాతదాంట్లో మిగిలినవారు కొత్త ఫోల్డర్లు చూడలేరు. మావి ఎక్కువ లేవు. అయితే టెండర్ల విభాగంలో ఎవరో ఆర్థిక సంవత్సరాలను 2012/13, 2013/14 అని గీత వాల్చి రాసిపెట్టారు, ఆ గీత ఫోల్డర్ పేరులో ఉంటే తరలింపు ఒప్పుకోదు. ముప్ఫై ఒక్క ఫోల్డర్ల పేర్లు మార్చి ఒక శనివారం కానిచ్చేశాము.

అసలు కథ మెయిల్‌బాక్సులన్నీ వెళ్లిపోయాక మొదలైంది. పాత సర్వర్‌లో మనుషులు లేరు. అయినా దాని 25వ పోర్టు మీద ఎవరో తలుపు తడుతూనే ఉన్నారు. పదమూడేళ్లలో ఈ ఫ్యాక్టరీలో కొన్న ప్రతి యంత్రానికీ మెయిల్ పంపే సదుపాయం ఉంటే, దాన్ని బిగించడానికి వచ్చిన ప్రతి టెక్నీషియనూ ఆ సర్వర్ ఐపీ చిరునామాను అంకెల్లోనే టైపు చేసి వెళ్లిపోయాడు. ఎవరూ ఎక్కడా రాయలేదు. మెయిల్ లోపలికి వచ్చే ద్వారాలైన రిసీవ్ కనెక్టర్ల మీద, ఎవరొచ్చారో రాసిపెట్టే ప్రోటోకాల్ లాగింగ్‌ను పూర్తి స్థాయిలో పెట్టి, నెలాఖరు నివేదికలు కూడా దొరకాలని ఆరు వారాలు అలాగే వదిలేశాను. ఇరవై ఏడు ఐపీ చిరునామాలు తేలాయి. వాటిలో కొన్ని: తొమ్మిది స్కానర్ ఉన్న ప్రింటర్లు, జీతాల సాఫ్ట్‌వేర్, హాజరు వేలిముద్రల యంత్రం, గేటు దగ్గర వేబ్రిడ్జి కంప్యూటర్, రెండు యూపీఎస్‌లు, సీసీటీవీ రికార్డర్, బ్యాకప్ నివేదిక, ఇంకా స్టోర్స్‌లో ఒక పాత ల్యాప్‌టాప్ మీద ప్రతి సోమవారం నడిచే స్క్రిప్టు. ఆ స్క్రిప్టు రాసినాయన సంస్థ వదిలి ఆరేళ్లయింది. అది పంపే నిల్వల పట్టికను మాత్రం ముగ్గురు ప్రతి వారం చదువుతున్నారు.

వీటన్నిటికీ కొత్త సర్వర్‌లో వేరే రిసీవ్ కనెక్టర్ పెట్టి, ఆ ఇరవై ఏడు చిరునామాలను తప్ప మరెవరినీ రానివ్వకుండా కట్టుదిట్టం చేశాము. అంతకంటే ముఖ్యమైన పని, పేర్లను ఐపీ చిరునామాలకు ముడిపెట్టే డీఎన్‌ఎస్‌లో రిలే అనే పేరు సృష్టించి, పేరు తీసుకోగల ప్రతి యంత్రంలోనూ అంకెలు తీసేసి ఆ పేరు రాయడం. చేతిలో నిచ్చెన, జేబులో ప్రింటర్ల పాస్‌వర్డుల చీటీ పట్టుకుని నాలుగు రోజులు ఫ్యాక్టరీ అంతా తిరిగాను. ఆ తిరుగుడు ఫలితం మే నెలలో 2016 నుంచి 2019కి మారినప్పుడు కనిపించింది: రెండో మజిలీలో ఒక్క డీఎన్‌ఎస్ రికార్డు మార్చితే ఇరవైకి పైగా యంత్రాలు తమంత తాము కొత్త చోటికి వచ్చేశాయి. రెండు పాత ప్రింటర్లు మాత్రం అలిగాయి. 2019 మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్ భాష అయిన టీఎల్‌ఎస్‌లో 1.2 వెర్షన్‌నే మాట్లాడుతుంది, వాటికి వచ్చింది 1.0 ఒక్కటే. లోపలి నెట్‌వర్కే కదా అని వాటి కనెక్టర్‌లో ఎన్‌క్రిప్షన్ ప్రతిపాదననే తీసేశాను. దీన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు, ఆ ప్రింటర్లు పోయేదాకా అది నా జాబితాలో ఒక ఎర్ర గీతగా ఉంటుంది. ఆ తర్వాతి మెట్టు మరీ తేలిక. 2016కీ 2019కీ మద్దతు 2025 అక్టోబర్ 14న ఒకేసారి ముగిసింది, దానికి ముందు జులైలో వచ్చిన ఎక్స్ఛేంజ్ సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌ను 2019 మీద మామూలు అప్‌డేట్‌లాగే ఉన్నచోటే వేసుకోవచ్చు. ఒక ఆదివారం ఉదయం టిఫిన్‌కీ భోజనానికీ మధ్య అయిపోయింది.

మళ్లీ 2024 ఏప్రిల్‌కు వస్తాను. పాత సర్వర్‌ను స్విచ్ఛాఫ్ చేసి వదిలేస్తే సరిపోదు. యాక్టివ్ డైరెక్టరీలో దాని పేరు అలాగే ఉండిపోయి తర్వాతి సెటప్‌ను అడ్డుకుంటుంది. పద్ధతిగా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. దానికి ముందు రెండు వారాలు ఆపి చూద్దాం, ఎవరైనా అరిస్తే తిరిగి లేపుదాం అని నిర్ణయించాము. పన్నెండు రోజులు గడిచాయి, ఎవరూ అరవలేదు. శనివారం రాత్రి అన్‌ఇన్‌స్టాల్ అని రాసిపెట్టుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఇన్‌స్ట్రుమెంటేషన్ ఫోర్‌మన్ వేరే పని మీద, కీబోర్డు పనిచేయడం లేదని, నా గదికి వచ్చాడు. తెర మీద ఐపీల జాబితా చూసి అడిగాడు.

"సార్, కోల్డ్ రూమ్ డబ్బా ఇందులో లేదేంది? అది గూడ మెయిల్ పంపుతది గదా."

"ఏ డబ్బా అన్నా?"

"గోడకు ఉంటది సార్. ఎనిమిది డిగ్రీలు దాటితేనే పంపుతది. పోయిన మే నెలల కరెంటు పోయినప్పుడు పంపింది."

ఆ గదిలోని టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఆరు వారాల లాగుల్లో ఆ పెట్టె కనబడకపోవడానికి కారణం అది సక్రమంగా పనిచేయడమే; గది చల్లగా ఉన్నంతకాలం దానికి మాట్లాడవలసిన అవసరం రాదు. అప్పటికి పన్నెండు రోజులుగా, ఏప్రిల్ ఎండల్లో, అది మూగదై ఉంది. ఆ సంగతి గదిలో మేమిద్దరం ఒకేసారి గ్రహించాము.

ఇద్దరమూ వెళ్లాము. దానికి పేరు టైపు చేసే వీలు లేదు, నాలుగు బటన్లతో అంకెలు ఒక్కొక్కటిగా ఎక్కించాలి. పాస్‌వర్డు ఎవరికి తెలుసని అడిగితే, ఫోర్‌మన్ ప్యానెల్ తలుపు తెరిచి లోపలి వైపు చూపించాడు. బిగించిన రోజు మార్కర్‌తో రాసిన నాలుగు అంకెలు అక్కడున్నాయి. కొత్త చిరునామా ఎక్కించి, కనెక్టర్‌లో ఇరవై ఎనిమిదో ఐపీని చేర్చాను. పరీక్షించాలంటే గది తలుపు తెరిచి ఉంచకూడదు కాబట్టి, ఆయన సెన్సర్‌ను క్లిప్పు నుంచి తీసి, బయటికి లాగి, అప్పుడే వచ్చిన టీ గ్లాసుకు ఆనించి పట్టుకున్నాడు. అలారం పది నిమిషాలు ఆగి మోగేలా పెట్టి ఉంది. పది నిమిషాల తర్వాత ఆయన ఫోన్, క్వాలిటీ మేడమ్ ఫోన్ ఒకదాని వెంట ఒకటి మోగాయి. మూడో చిరునామా ఏమైందోనని ల్యాప్‌టాప్‌లో ట్రాకింగ్ లాగ్ తెరిచాను. అలాంటి ఖాతా లేదని సర్వర్ తిరస్కరించింది.

"ఆ సార్ 2017లనే రిటైరయ్యిండు" అన్నాడు ఫోర్‌మన్, టీ గ్లాసు పక్కన పెడుతూ. నేను మళ్లీ ఆ నాలుగు బటన్ల దగ్గరికి వెళ్లాను.